స్తంభానికి స్వెట్టరు

ఆదివారం పొద్దున్నే మావారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, సెల్‌ఫోను నా మొహం ముందుకు తెచ్చి, "చూశావుటోయ్, పనిలేనివాళ్ళు ఏం చేస్తారో!" అన్నారు.

చూశాను. నెదర్లాండ్స్‌లో ఏదో ఊరి ఫోటో. వీధి దీపం స్తంభానికి మనిషెత్తు దాకా ఊలుతో అల్లిన తొడుగు. ఎరుపు, పసుపు, నీలం పట్టీలు. పక్కనున్న బెంచీ చేతులకూ అదే అలంకారం. సైకిళ్ళు ఆనించుకునే ఇనుప కమ్మీలకు చిన్న చిన్న ఊలు పువ్వులు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక ముసలమ్మ స్తంభం దగ్గర నిలబడి చివరి కుట్టు వేస్తోంది, బడికి వెళ్ళే మనవడికి చొక్కా గుండీ పెడుతున్నంత శ్రద్ధగా.

నాకు ముచ్చటేసింది. మావారికి నవ్వొచ్చింది. "స్తంభానికి చలేస్తోందనా?" అంటూ ఆ ఫోటో కాస్తా పక్కవాటా బాబాయిగారికి పంపించారు. ఆయన మరో నలుగురికి పంపారు. పావుగంటలో మా అపార్ట్‌మెంటు మగవాళ్ళంతా ఆ డచ్చి ముసలమ్మ విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చేశారు, ఆవిడకు పనిలేదని! నీళ్ళ ట్యాంకు మరమ్మతు మీద మూడు మీటింగులు పెట్టినా రాని ఏకాభిప్రాయం అది.

నేనేమీ అనలేదు. అంటే ఉప్మా మాడిపోతుంది. కానీ ఆ "పనిలేనివాళ్ళు" అన్న ముక్క మాత్రం పంటి కింద రాయిలా ఉండిపోయింది. ఆ రాయి సంగతి మీతో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలూ.

అసలీ అల్లిక కథేమిటో కాస్త చదివాను. డచ్చివాళ్ళు దీన్ని 'విల్డ్‌బ్రెయెన్' అంటారు. అడ్డూ ఆపూ లేని అల్లిక అని మనం చెప్పుకోవచ్చు. ఇంగ్లీషువాళ్ళ పేరు 'యార్న్ బాంబింగ్', అంటే నూలు బాంబు వేయడం. పేరు వింటే పోలీసులు పరుగెత్తుకొస్తారేమో అనిపిస్తుంది గానీ, ఈ బాంబు పేలదు. వానకు తడిస్తే కాస్త బరువెక్కుతుంది, అంతే. ఆ దేశపు ఉత్తర కొసన ఉన్న డెన్ హెల్డర్ అనే రేవు పట్నంలో 2004లోనే ఇలా ఆరుబయట అల్లిక తొడిగారని చెబుతారు. మరుసటేడు 2005లో అమెరికాలో హ్యూస్టన్ నగరంలో మాగ్డా సాయెగ్ అనే ఆవిడ తన దుకాణం తలుపు పిడికి ఒక తొడుగు అల్లి వేసింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూడటం మొదలుపెట్టారు. తలుపు పిడి తర్వాత వీధిలో ట్రాఫిక్ బోర్డు స్తంభం. అక్కణ్ణించి దేశదేశాలకూ పాకిపోయింది.

2006లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో మరియాన్ యోర్గెన్‌సెన్ అనే కళాకారిణి ఏకంగా ఒక యుద్ధపు ట్యాంకుకే గులాబీరంగు అల్లిక కప్పింది. ఇరాక్ యుద్ధంలో తమ దేశం చేరినందుకు నిరసన. జానెడు కూడా లేని చదరపు ముక్కలు నాలుగువేల పైచిలుకు, ఎక్కడెక్కడివాళ్ళో అల్లి పంపితే, అన్నీ కలిపి కుట్టి ఫిరంగి గొట్టం కొస దాకా తొడిగారు. గులాబీరంగు తొడుగేసుకున్న ఫిరంగిని చూసి ఎవరైనా భయపడతారా, మీరే చెప్పండి?

ఈ ముక్క మావారితో అన్నాను. "అదీ పనిలేకే" అన్నారు.

"ట్యాంకు తయారుచేసినవాళ్ళకు మాత్రం పనుందా?" అన్నాను. ఆయన పేపరు మడత విప్పారు. మా ఇంట్లో పేపరు మడత విప్పడమంటే ఆ విషయం మీద చర్చ ముగిసిందని అర్థం.

ముగిసింది ఆయనకు. నాకు అప్పుడే మొదలైంది. సంచీ తీసుకుని కూరలకని బయల్దేరాను గానీ, ఆ రోజు కూరల మీద కంటే స్తంభాల మీదే ఉంది నా చూపు. మా యూసుఫ్‌గూడలో స్తంభాలకు కొదవేమిటి? కరెంటు స్తంభాలు, దీపాల స్తంభాలు, 2019 మార్చిలో మా మీదుగా మెట్రో రైలు నడిచిన దగ్గర్నుంచీ ఏనుగు కాళ్ళలాంటి మెట్రో స్తంభాలు. ఇప్పుడు ఎవరికైనా ఇంటి గుర్తు చెప్పాలంటే స్తంభం నంబరే చెబుతున్నాం. ఈ స్తంభాలు ఏనాడైనా ఉత్తినే నిలబడ్డాయా? చెక్‌పోస్టు నుంచి కృష్ణకాంత్ పార్కు దాకా నడిచి చూడండి. ఒకదానికి నాయకుడిగారి పుట్టినరోజు ఫ్లెక్సీ. ఆయన చుట్టూ పాతికమంది అభిమానులు పాస్‌పోర్టు ఫోటోల్లో నవ్వుతూ. ఇంకోదానికి అమీర్‌పేట కోచింగు సెంటరు కాగితం, దాని మీద హాస్టలు కాగితం, దాని మీద మొలల వైద్యుడి కాగితం. స్తంభం మీద చర్మంలా నాలుగు పొరలు పేరుకున్నాయి.

వాటిని కట్టినవాళ్ళనీ, అంటించినవాళ్ళనీ ఎవరైనా "పనిలేనివాళ్ళు" అన్నారా? అనరు. నాయకుడు కడితే ప్రచారం. కోచింగువాడు అంటిస్తే వ్యాపారం. అర్ధరాత్రి నిచ్చెనేసుకుని అంటించే కుర్రాడిది పొట్టకూటి పని, పాపం, నిజమే. ఒక ఆడమనిషి తన ఊలుతో, తన చేతులతో, ఎవరి పేరూ ఎవరి మొహమూ లేకుండా ఒక పువ్వు అల్లి తొడిగితే మాత్రం, పనిలేకపోవడం!

ఆ మాటకొస్తే వీధిని అలంకరించడం మనకు డచ్చివాళ్ళు నేర్పాలా? తెల్లారకముందే లేచి, వాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి, చుక్క చుక్క లెక్కపెట్టి ముగ్గేస్తున్నాం. ఇంటిలోపలా వేస్తున్నది? వీధిలో. నలుగురూ తొక్కి పోయే వీధిలో. పొద్దున ఎనిమిదింటికల్లా పాలవాడి బండీ, స్కూలు ఆటో దాని మీదుగా వెళ్ళిపోతాయి. మర్నాడు మళ్ళీ వేస్తాం. డచ్చి ముసలమ్మ ఏడాదికోసారి స్తంభానికి తొడిగితే ఫోటో తీసి ప్రపంచమంతా పంపుకుంటారు. మనం ఏడాదికి మూడువందల అరవై అయిదు రోజులు వీధికి కట్టే అలంకారాన్ని ఎవరూ పని అనరు. "వాకిట్లో ముగ్గు లేదేం?" అని అడగడానికి మాత్రం అందరికీ గుర్తుంటుంది. వేస్తే లెక్కలోకి రాదు, వేయకపోతే వస్తుంది.

అల్లిక సంగతీ ఇంతే. మా పెళ్ళిళ్ళ రోజులు గుర్తు చేసుకోండి. పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారి పెద్దావిడ మొదటి ప్రశ్న వంటా, రెండో ప్రశ్న సంగీతం, మూడో ప్రశ్న "అమ్మాయికి కుట్లు, అల్లికలు వచ్చా?" అనే. వెంటనే మా అమ్మ గోడ మీది గాజు ఫ్రేములో ఊలు కుక్కపిల్లను చూపించేది. బల్ల మీది లేసు గుడ్డ, రేడియో మీది క్రోషా తొడుగు, గుమ్మానికి పూసల తోరణం. "అన్నీ మా అమ్మాయే చేసింది వదినగారూ!" ఆ రోజున అది అర్హత. డిగ్రీకి పక్కన నిలబడగలిగిన అర్హత. మూడు ముళ్ళు పడ్డాక, ఆ అమ్మాయే అత్తవారింట్లో మధ్యాహ్నం పూట క్రోషా సూది పట్టుకుంటే, "ఏం తోచక కూర్చున్నావా అమ్మాయ్?" అంటారు. అవే వేళ్ళు, అదే సూది. మధ్యలో మారిందేమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు.

"పోనిద్దూ, మాటే కదా! మాటకింత గొడవెందుకు?" అంటారా? నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ ఆ మాట ఖరీదు కట్టిన ఊరొకటి మన తెలుగుదేశంలోనే ఉంది. ఆ ఊరి కథ చెబితేగాని నా కోపం మీకు అర్థం కాదు.

మా పెద్దమ్మగారిది నరసాపురం పక్క పల్లెటూరు. పశ్చిమ గోదావరి జిల్లా. చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళితే, ఏ ఇంటి అరుగు చూసినా లేసు అల్లికే. ఒళ్ళో నూలు బంతి, చేతిలో సన్నటి కొక్కెం సూది, మాట్లాడుతూనే ఉంటారు, పిల్లాణ్ణి ఊపుతూనే ఉంటారు, పొయ్యి మీద అన్నం చూస్తూనే ఉంటారు, వేళ్ళు మాత్రం ఆగవు. సూది వంక చూడను కూడా చూడరు. ఏజంటు వచ్చి నూలు ఇచ్చి వెళ్ళేవాడు, అల్లినది లెక్కపెట్టి పట్టుకుపోయేవాడు. కొందరిది చేతిపని, అంటే విడివిడి పువ్వులు అల్లడం. కొందరిది అతుకుపని, అంటే ఆ పువ్వులన్నీ కలిపి బల్లగుడ్డగానో, దుప్పటిగానో చేయడం. పువ్వు అల్లిన ఆవిడకు ఆ దుప్పటి ఎలా ఉంటుందో తెలియదు. ఏ దేశంలో ఎవరి మంచం మీద పరుస్తారో అంతకన్నా తెలియదు.

ఈ విద్య ఆ ప్రాంతానికి పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ఇళ్ళ ఆడవాళ్ళ ద్వారా వచ్చింది. తర్వాత వ్యాపారమైంది. యూరపుకూ, అమెరికాకూ, ఆస్ట్రేలియాకూ ఓడలెక్కింది. అల్లింది ఆడవాళ్ళు. ఏజంట్లు, వ్యాపారులు, ఎగుమతిదారులు మాత్రం చాలావరకు మగవాళ్ళు.

1970ల చివర్లో జర్మనీ నుంచి మరియా మీస్ అనే సమాజశాస్త్రవేత్త అంతర్జాతీయ కార్మిక సంస్థ తరఫున నరసాపురం వచ్చింది. అరుగుల మీద వాళ్ళ పక్కన కూర్చుంది. ఎన్ని గంటలు అల్లుతున్నారు, ఎంత వస్తోంది, ఇంటిపని ఎప్పుడు చేస్తున్నారు అని ఒక్కొక్కరినీ అడిగింది. 1982లో ఆ పరిశీలనను 'నరసాపురం లేసు పనివాళ్ళు' అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో పుస్తకంగా అచ్చువేసింది. ఆవిడకు తేలిందేమిటంటే, ఇంటి చాకిరీ అంతా చేసుకున్నాక ఆ ఆడవాళ్ళు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. అంటే ఆఫీసులో గుమాస్తా కూర్చున్నంత సేపూ. దానికి చేతికొచ్చేది రోజుకు సగటున ఒక్క రూపాయి కూడా కాదు. పొలంలో కూలికి వెళ్ళే ఆడదానికి ఆ రోజుల్లో చట్టప్రకారం ఇవ్వాల్సిన కూలిలో అది మూడోవంతు కూడా లేదు.

ఎందుకంత తక్కువ? ఇక్కడే ఉంది కిటుకు. ఎగుమతి వ్యాపారులను అడిగితే, "వాళ్ళు పనివాళ్ళు కారండీ, సంసార స్త్రీలు. తీరిక వేళల్లో ఏదో కాలక్షేపానికి అల్లుకుంటారు" అన్నారట. అన్నం వార్చి, గిన్నెలు తోమి, పిల్లాణ్ణి పడుకోబెట్టి, గుడ్డి దీపం ముందు కళ్ళు చికిలించుకుని అల్లే ఎనిమిది గంటల పేరు కాలక్షేపం! కాలక్షేపానికి జీతమెందుకు? అయిస్‌క్రీము తిన్నందుకు ఎవరైనా జీతమిస్తారా?

జనాభా లెక్కలవాళ్ళు వస్తే, "ఆవిడేం చేస్తారు?" అని మగవాణ్ణి అడిగేవారు. "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటుంది" అనేవాడాయన. గడప దాటి కూలికి వెళ్ళకుండా ఇంట్లో ఉండటం పరువనుకునే కుటుంబాలవి. ఆ పరువే వ్యాపారికి లాభమైంది. వేలకొద్దీ ఆడవాళ్ళు ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తూ కూడా సర్కారు కాగితాల మీద ఊరికే కూర్చున్నవాళ్ళే అయ్యారు.

చూశారా, "పనిలేక" అన్న మాట ఎంత దూరం వెళుతుందో! కాఫీ తాగుతూ నవ్వుకుని ఊరుకునే మాట కాదది. రేటు కట్టే మాట. ఆ మాట ఎవరి నెత్తిన పడుతుందో వాళ్ళ కూలి అక్కడితో సగమైపోతుంది.

2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, సంతోషమే. బందరు లడ్డూకీ, తిరుపతి లడ్డూకీ వచ్చినట్టే. ఇక ఎక్కడో మిషను మీద చేసినదాన్ని నరసాపురం లేసని అమ్మకూడదు. కాని ఆ గుర్తింపు ఊరి పేరుకు వచ్చింది. అరుగు మీద కూర్చున్న ఆవిడ గంటలకు వచ్చిందా? చైనా మిషను లేసుతో పోటీ పడాలంటే రేటు తగ్గించాలి అంటారు. తగ్గేది ఎవరి దగ్గర? ఓడ కిరాయి తగ్గదు, నూలు ధర తగ్గదు. తగ్గించమని అడగ్గలిగేది ఒక్క ఆ చేతినే.

ఇక ఆ స్తంభాలకు స్వెట్టర్లు తొడిగే డచ్చివాళ్ళ సంగతి ఇంకో మాట చెప్పాలి. ఇళ్ళలో కూర్చుని పనిచేసేవాళ్ళు కూడా పనివాళ్ళే, ఫ్యాక్టరీ మనిషితో సమానంగా చూడాలి అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒడంబడిక రాసింది. నెదర్లాండ్స్ 2002లో దానికి ఆమోదం తెలిపింది. వీధుల్లో ఊలు కనబడటం ఆ తర్వాతి సంగతి. మన దేశం ఇప్పటిదాకా దాన్ని ఆమోదించనే లేదు. ఇది చదివాక ఆ ఫోటోలో ముసలమ్మ మొహం నాకు మరోలా కనిపించింది. ఆవిడ దేశం ముందు అల్లే చేతికి గౌరవమిస్తూ కాగితం మీద సంతకం పెట్టింది, ఆ తర్వాతే స్తంభానికి సింగారం చేసింది. మనమేమో అల్లే చేతిని లెక్కలోంచి తీసేసి, స్తంభాన్ని చూసి నవ్వుతున్నాం.

లెక్కలంటే గుర్తొచ్చింది. మన ప్రభుత్వమే దేశమంతటా తిరిగి ఎవరి రోజు ఎలా గడుస్తోందో లెక్కవేసింది, 2019లో ఒకసారి, 2024లో ఒకసారి. ఇంటిపని చేస్తామన్న ఆడవాళ్ళు 2019లో రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికి పెట్టారు. ఇంటిపని చేస్తామన్న మగవాళ్ళు 97 నిమిషాలు. అయిదేళ్ళు గడిచాయి. 2024లో ఆడవాళ్ళవి 289 నిమిషాలయ్యాయి. పోనీలే, పది నిమిషాలు తగ్గాయి, ఆ పదీ మగవాళ్ళు అందుకుని ఉంటారని సంబరపడ్డాను. చూద్దును గదా, వాళ్ళవీ తగ్గి 88 అయ్యాయి! మరి ఆ పనంతా ఎవరు చేస్తున్నారో, మిక్సీలూ వాషింగు మిషన్లూ చెప్పాలి.

రోజుకు దగ్గరదగ్గర అయిదు గంటలు జీతం లేని పని చేసి, ఆ మిగిలిన కాస్త వేళలో ఊలు పట్టుకున్న మనిషిని "పనిలేనిది" అనడానికి ఎంత ధైర్యముండాలి!

ఇంతవరకూ మగవాళ్ళనే అన్నాను. ఇక నా సంగతి చెప్పకపోతే అన్యాయం.

మా వీధి చివర ఒక చిన్న గదిలో ఉండే అమ్మాయి చీరలకు ఫాల్ కుడుతుంది. భర్త డ్రైవరు. రెండేళ్ళ పాప. గుమ్మంలో మిషను, మిషను పక్కన ఉయ్యాల. కిందటి శ్రావణ మాసంలో రెండు చీరలు పట్టుకుని వెళ్ళాను. చీరకు వంద అంది. నేనేమన్నానో తెలుసా? "వందేమిటమ్మా, ఇంట్లో ఊరికే కూర్చుని కుట్టేదానికి! ఎనభై తీసుకో" అన్నాను. చాలా లౌక్యంగా బేరమాడాననుకుని ఇంటికొచ్చి మా ఆడపడుచుకు చెప్పుకున్నాను కూడా.

నరసాపురం వ్యాపారి అన్న మాటకూ నేనన్న మాటకూ తేడా ఏమిటి? అతను వేలమందితో అన్నాడు, నేను ఒక్కర్తితో అన్నాను, అంతే. మా యూసుఫ్‌గూడలోనే, 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాదు తరలివచ్చిన చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఉంది. దేశ విదేశాల నుంచి జనం వచ్చి పరిశ్రమ అంటే ఏమిటో నేర్చుకుని వెళుతుంటారు. దాని గోడ పక్కనుంచి ఇన్నేళ్ళుగా నడుస్తున్నాను. మా వీధి చివర గదిలో మిషను చప్పుడు కూడా పరిశ్రమేనని నాకు మాత్రం తట్టలేదు.

మొన్న మళ్ళీ మూడు చీరలు పట్టుకుని వెళ్ళాను. ఈసారి రేటు అడగకుండా, "ఒక్కో చీరకు ఎంతసేపు పడుతుంది?" అని అడిగాను. ఆ అమ్మాయి నవ్వేసింది. "గంటలెవరు లెక్కపెడ్తరక్కా? పన్ల నడ్మ కుడ్తుంటా గదా!" అంది. లెక్కపెట్టమన్నాను. వేళ్ళు మడిచి, పాప ఏడిస్తే లేచిన వేళ తీసేసి, కరెంటు పోయిన వేళ తీసేసి లెక్కపెట్టింది. "అంచు మడిచి, చేతి కుట్టేసి, పికో చేసేసరికి గంటంబావు దాటుతది" అంది. తనే ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్న తనని ఎవరూ అడగలేదట. అడగనిదే తనకూ తట్టలేదట.

ఇప్పుడు మీలో కొందరు అనబోయే మాట నాకు వినబడుతూనే ఉంది. "అయితే ఏమంటావు, మనం కూడా యూసుఫ్‌గూడ స్తంభాలకు స్వెట్టర్లు అల్లుదామా?" అని.

అక్కర్లేదు. మే నెల ఎండలో ఆ స్తంభం మనల్ని శపిస్తుంది. ఒక్క వానకు అది ముద్దయి, దుమ్ము పట్టి, మూడోనాటికి మురికి గుడ్డవుతుంది. ఇప్పటి ఊలు చాలావరకు ప్లాస్టిక్కు నూలే కదా, కాలవలో పడితే కుళ్ళదు కూడా. చెట్టుకు బిగించి తొడిగి వదిలేస్తే చెట్టుకు బాధ. కరెంటు స్తంభం దగ్గరికైతే అసలు వెళ్ళనే వద్దు. ఇవన్నీ నిజమైన అభ్యంతరాలు, ఒప్పుకుంటాను. "అంత ఊలుంటే చలికి వణికేవాడికో దుప్పటి అల్లి ఇవ్వరాదా?" అన్నదీ న్యాయమైన ప్రశ్నే. కాకపోతే ఆ ప్రశ్న ఫ్లెక్సీ గుడ్డను చూసినప్పుడూ, దీపావళి బాణసంచాను చూసినప్పుడూ, పెళ్ళి పందిట్లో లక్షల పూలను చూసినప్పుడూ కూడా అడగమంటాను. ఒక్క ఆడదాని ఊలుండ దగ్గరే మనకు బీదవాళ్ళు గుర్తుకు రావడం విచిత్రం.

కాబట్టి స్తంభాలను వదిలేయండి. నేను కోరేది అంతకన్నా చవకైన పని, ఊలు కూడా అక్కర్లేదు. నాంపల్లి నుమాయిషుకో, మాదాపూరు శిల్పారామానికో వెళ్ళినప్పుడు లేసు గుడ్డ చేతిలోకి తీసుకుంటాం కదా. "ఎంత?" అని అడిగే ముందు, "ఇది అల్లడానికి ఎన్ని గంటలు పట్టిందమ్మా?" అని అడగండి. జవాబు విన్నాక కూడా సగానికి బేరమాడబుద్ధయితే ఆడండి, మీ ఇష్టం. నాకైతే నోరు రాలేదు. మన పిన్నిగారో, తోడికోడలో చంటిపిల్లాడికి స్వెట్టరు అల్లి ఇస్తే, "నీకేం, బోలెడు తీరిక!" అనకండి. "ఎన్ని రాత్రులు కూర్చున్నావు?" అనండి. ఇంట్లో కూర్చుని కుట్టే, అల్లే, అప్పడాలు వత్తే, పూలు కట్టే ఆడవాళ్ళ దగ్గర "ఊరికే కూర్చుని" అన్న మాట నోట్లోంచి రానివ్వకండి. జనాభా లెక్కలవాళ్ళు మన గుమ్మంలోకి వచ్చినప్పుడు మావారి చేత "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటుంది" అనిపించకండి. మనమే గడపలోకి వచ్చి చెబుదాం, ఏమేం చేస్తున్నామో, ఎంతసేపు చేస్తున్నామో. రాసుకునేవాడి కాగితంలో గడి సరిపోకపోతే అది ఆ కాగితం తప్పు.

ఫాల్ కుట్టే అమ్మాయికి ఈసారి చీరకు నూటయాభై ఇచ్చాను. కిందటిసారి తగ్గించిన నలభై కూడా కలిపాను. "ఏందక్కా, లాటరీ తగిలిందా?" అంది. లాటరీ కాదు, బాకీ అన్నాను. తనకు అర్థమైందో లేదో, డబ్బు మాత్రం పాప ఉయ్యాల కింద డబ్బాలో పెట్టుకుంది.

ఇంతకీ మావారి సంగతి. వారం రోజులుగా నేను మధ్యాహ్నాలు ఏదో అల్లుతున్నానని గమనించారు. నిన్న రాత్రి ఆయన సెల్‌ఫోనుకు తొడిగాను. నీలం ఊలు తొడుగు, అంచుకు ఎర్ర పట్టీ, అచ్చం ఆ డచ్చి స్తంభానికున్నట్టే. మూల ఒక చిన్న చీటీ కుట్టాను, "ఆరు గంటల పని" అని రాసి.

ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, చీటీ చదివి, "దీనికి డబ్బు కూడా ఇవ్వాలిటోయ్?" అన్నారు.

"అక్కర్లేదండీ. ఫోటో తీసి పక్కవాటా బాబాయిగారికి పంపండి, చీటీ కనబడేలా" అన్నాను.